వేళ కాని గంట

సినిమా తియ్యాలని మాకు మొదటి సంవత్సరం నుంచీ కోరిక. మాకు అంటే హాస్టల్లో ఒకే గదిలో ఉంటున్న నలుగురికి. కథ ఉంది. 110 పేజీల స్క్రిప్టు ఉంది. అందులో రైలు ప్రమాదం ఉంది, రెండు పాటలున్నాయి. లేనిదల్లా సినిమా ఒక్కటే. మంచి కెమెరా దొరికాక అని కొన్నాళ్ళు, పరీక్షలయ్యాక అని కొన్నాళ్ళు, వానలు వెలిశాక అని కొన్నాళ్ళు - రెండేళ్ళు గడిచిపోయాయి. చేతిలోని ఫోను ఎన్ని గంటలైనా తీస్తుంది కదా, తొందరేముంది?

అంతలో విద్యార్థి సంఘం వారు ఒక పోటీ పెట్టారు. శుక్రవారం సాయంత్రం 6 గంటలకు షరతులు చెప్పారు. ఆదివారం సాయంత్రం 6 గంటలకల్లా సినిమా ఇచ్చెయ్యాలి. నిడివి 3 నిమిషాలు మించకూడదు. కాలేజీ కాంపౌండు దాటకూడదు. మాటలుండకూడదు. పైగా ఎక్కడో ఒకచోట గొడుగు కనిపించాలి!

"ఎండలు మండిపోతుంటే గొడుగేంట్రా బాబూ!" అని మావాడొకడు నెత్తి కొట్టుకున్నాడు. 110 పేజీల్లో ఒక్క పేజీ పనికొస్తే ఒట్టు. అర్ధరాత్రి దాకా వాదించుకున్నాం. ఒకడు అలిగి ముసుగుతన్ని పడుకున్నాడు. ఆ ముసుగులోంచే అన్నాడు, "గొడుగంటే గంట తాతదేరా. రేపటితో రిటైరవుతున్నాడట."

వేపచెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్క మీద గంట కొట్టే తాతను రోజూ చూస్తూనే ఉన్నాం. ఎండైనా వానైనా చంకలో నల్లగొడుగు. మూడేళ్ళలో ఒక్కనాడు పలకరించిన పాపాన పోలేదు.

శనివారం పొద్దున్నే వెళ్ళి, "తాతా, ఒక్కసారి ఉత్తినే గంట కొట్టవా, కెమెరా సరిచూసుకుంటాం" అన్నాం. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "వేళ కాకుండా గంట కొట్టకూడదు బాబూ" అన్నాడు.

ఇంకేముంది! మాకున్న షరతులకు ఇదొకటి తోడయింది. రెండో టేకు లేదు. ఒక్కో పీరియడు గంటకూ ఒక్కో చోట నిలబడి చూశాం. ఎదురుగా నిలబడితే ఆయన మొహం బిగుసుకుపోతోంది. చెట్టు వెనకనుంచయితే చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. చేతులు చాలుననుకున్నాం.

4 గంటలకు ఆఖరి గంట కొట్టాడు. సుత్తిని మేకుకు తగిలించాడు. ఊగుతున్న పట్టాను అరచేత్తో పట్టి ఆపాడు. గొడుగు విప్పుకుని గేటు వైపు నడిచాడు. ఆ పట్టాను ఆపడం ఏ స్క్రిప్టులోనూ లేదు. ఫోను పట్టుకున్నవాడి చెయ్యి వణికింది. ఆ వణుకు సినిమాలో అలాగే ఉండిపోయింది.

తర్వాత లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, ఇది మాకొక్కరికే పట్టిన కష్టం కాదని. 1895లో పారిస్‌లో లూమియేర్ సోదరులు ప్రదర్శించిన చిత్రాలు ఒక్కొక్కటీ నిమిషం లోపే. సుమారు 17 మీటర్ల ఫిల్ము, 50 సెకన్లు, అంతే. 1965లో వచ్చిన సూపర్ ఎయిట్ రీలు 50 అడుగులు. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున 3 నిమిషాల 20 సెకన్లలో అయిపోయేది. అందుకే ఆనాటి ఔత్సాహికులు మీట నొక్కకముందే ఆలోచించుకునేవారు. మేమో, నొక్కి తర్వాత ఆలోచిద్దామనుకుని, అసలు నొక్కనే లేదు.

మా సినిమాకు బహుమతి రాలేదు. ధ్వని బాగాలేదన్నారు. నిజమే, గాలి హోరు ఎక్కువయింది. కాని ప్రదర్శననాడు తాతను పిలుచుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాం. అంతా చూసి, "గొడుగు బాగా పడిందయ్యా" అన్నాడు. అంతకన్న పెద్ద సర్టిఫికెట్టు ఏముంటుంది?

ఇప్పుడు మన కాలేజీలో కరెంటు గంట మోగుతోంది. రైలుపట్టా చెట్టుకు అలాగే ఉంది. ఆ 110 పేజీల స్క్రిప్టు కూడా మా ట్రంకుపెట్టెలో అలాగే ఉంది. ఎప్పుడైనా దాన్ని మళ్ళీ తీస్తే, మొదట గడువు పెట్టుకుంటాం. కథ సంగతి ఆ తర్వాత.