బెంగళూరులో వయ్యారిభామ

బదిలీపై బెంగళూరు చేరిన మమ్మల్ని, వానలు వెలిసేసరికి తుమ్ములూ కళ్ళ దురదా పలకరించాయి. వైద్యుడు అనుమానించినది క్వార్టర్ల వెనుక ఖాళీ స్థలంలో తెల్లగా పూచిన పార్థీనియాన్ని. మన పల్లెల్లో దాని పేరు వయ్యారిభామ. దాని పుప్పొడి ముక్కుకూ, స్పర్శ చర్మానికీ పడదు.

1950లలో పుణేలో కనిపించిన ఈ అమెరికా ఖండపు కలుపు దేశమంతటా పాకింది. దానిని తినే మెక్సికో పెంకు పురుగును 1984లో ఈ నగరంలోనే విడిచిపెట్టారు; అయినా మొక్క నశించలేదు.

కిటికీలు మూయడం, బయటినుండి రాగానే ముఖం కడుగుకోవడం కొంత మేలు. పూతకు ముందే, నేల తడిగా ఉండగా, చేతి తొడుగులతో వేరుతో సహా పెకలించడం అంతకన్న మేలు. ఒక్క మొక్క వేల విత్తనాలు రాల్చుతుంది. పొరుగు పసిపాపకు ఊపిరి సుఖంగా ఆడాలంటే, గోడ అవతలి మొక్కనూ మనమే తీయాలి.