గుండెలో విరామం

గుండె కొట్టుకోవడానికి మెదడు ఆజ్ఞ అక్కరలేదు. కుడి కర్ణిక పైభాగాన ఉండే సిరాకర్ణికా కణుపు తనంతట తానే నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ ప్రేరణ పుట్టిస్తుంది. నాడులు దాని వేగాన్ని హెచ్చించడమో తగ్గించడమో చేస్తాయి, అంతే.

ఆ ప్రేరణ కర్ణికలను సంకోచింపజేసి, కింద కర్ణికా జఠరికా కణుపు వద్ద సెకనులో దాదాపు పదోవంతు జాగు చేస్తుంది. జఠరికలు రక్తంతో నిండాలి కదా! (ఛందస్సు చెప్పి బతికినవాణ్ణి, విరామం విలువ నాకు వేరే చెప్పాలా?) ఈ కణుపును 1906లో వర్ణించినవాడు సునావో తవారా అనే జపాను వైద్యుడు.

మా ఆవిడకు ఆ దారే మూసుకుపోయింది. కర్ణికలు 80 సార్లు, జఠరికలు 36 సార్లు. దేని లయ దానిదే. నాలుగు మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. ఇప్పుడు కాలరెముక కింద పేస్‌మేకరు ఉంది. నాడి 60కి తగ్గనివ్వదని తెలుసు. అయినా రాత్రిళ్ళు ఆవిడ మణికట్టు పట్టుకుని లెక్కపెడుతూనే ఉన్నాను.