కారెంపూడిలో చలికాలం: ఐదు రోజుల యుద్ధం

నవంబరు వస్తే చాలు, ఫోన్ నిండా లంబసింగి పొగమంచు, అరకు కాఫీ రీల్సే. వెళ్లండి, వద్దనను. కానీ ఈ చలికాలంలో ఒక్క ట్రిప్పుకే సెలవు దొరికితే నేను చెప్పే ఊరు కారెంపూడి. పల్నాడు జిల్లాలో, నాగులేటి ఒడ్డున ఉంటుంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఇక్కడ 12వ శతాబ్దపు యుద్ధం మళ్లీ జరుగుతుంది.

పల్నాటి యుద్ధం కథ రెండు ముక్కల్లో చెప్తా. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. తండ్రి ఒక్కడే, తల్లులు వేరు. నలగాముడి వెనక నాయకురాలు నాగమ్మ, మలిదేవుడి వెనక బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మలిదేవుడి వాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలిపోయారు. గడువు తీరాక వాటా అడగడానికి రాయబారిగా వచ్చిన అలరాజు చర్లగుడిపాడులో విషానికి బలయ్యాడు. ఇక మిగిలింది కారెంపూడి యుద్ధభూమి. భారతం గుర్తొస్తోంది కదా? పల్నాడు వాళ్లూ అదే అంటారు.

ఉత్సవంలో ఐదు రోజులకీ పేర్లున్నాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. తిరునాళ్ల అనుకుని వెళ్తే సగమే కరెక్టు. మిఠాయి కొట్లు, గాజుల దుకాణాలు అన్నీ ఉంటాయి. కానీ అసలు సంగతి వీరుల గుడి దగ్గర. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి వీరాచారవంతులు తాతల నాటి ఆయుధాలు పట్టుకుని వస్తారు. వాటిని కొణతాలంటారు. నాగులేటిలో కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దండలు వేసి ఊరేగిస్తారు. మన ఇంట్లో తాతగారి ఫోటోకి దండ వేస్తాం చూశారూ, వాళ్లకి ఆ కత్తే తాత.

నాకు బాగా పట్టుకున్నది మాత్రం రాత్రిళ్లు. ఈ కథ పాడేవాళ్లని వీరవిద్యావంతులంటారు. పంబజోడు మోగుతుంటే, తాళాలు పడుతుంటే, వెనక నుంచి తిత్తి ఒకటే శ్రుతి పట్టుకుని ఉంటుంది. తిత్తి అంటే మేకతోలు సంచి, గొట్టంతో గాలి ఊది వాయిస్తారు. సినిమాల్లో స్కాట్లాండ్ చూపించగానే గళ్ల లంగాలాంటిది కట్టుకుని బ్యాగ్‌పైప్ ఊదుతుంటారే, దానికి మన పల్నాటి చుట్టం అనుకోండి. వాళ్లది ప్రపంచమంతా తెలుసు. మనది గురజాల కాలేజీ పిల్లల్లోనే ఎంతమందికి తెలుసో!

శ్రీనాథుడు ఈ కథని ద్విపదలో రాశాడు. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో అచ్చు వేయించారు. కానీ కథ పుస్తకం కోసం ఆగలేదు. జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1970లలో పల్నాడు వచ్చి, ఆలిసెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన కథని రికార్డు చేసుకుని, ఇంగ్లిషులోకి మార్చి 1982లో పుస్తకం తెచ్చాడు. పాడే కులాలు మాల, మాదిగలు. రాజుల కథని ఇన్ని వందల ఏళ్లు గొంతులో దాచిపెట్టింది వాళ్లు.

అందుకే మూడో రోజు చాపకూడు దగ్గర నేను ఎక్కువసేపు ఉండిపోయాను. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూడు తినిపించాడని కథ. మాల కులంలో పుట్టిన కన్నమదాసుని కొడుకుగా పెంచి, సేనాపతిని చేశాడు. ఇప్పటికీ ఉత్సవంలో అందరూ కలిసి కూర్చుని తింటారు. నా పక్కన బీటెక్ చదివే ఓ తమ్ముడు కూర్చున్నాడు. "బాగుంది కదా?" అన్నాను. "బాగుందన్నా. ఇక్కడ ఎవరూ అడగరు. రేపు మా ఊళ్లో పెళ్లికెళితే ఎక్కడ కూర్చోవాలో నాకు తెలుసు" అన్నాడు, అన్నం కలుపుకుంటూనే. ఆ మాట తర్వాత నాకు ముద్ద దిగడానికి టైం పట్టింది. ఎనిమిది వందల ఏళ్ల నాటి భోజనాన్ని ఏడాదికోసారి గుర్తు చేసుకుంటున్నామంటే, మిగతా రోజుల్లో అది లేదనే కదా.

కోడిపోరు రోజు జనం విరగబడతారు. పుంజుల్లో ఒకటి బ్రహ్మనాయుడి తరఫు, ఒకటి నాగమ్మ తరఫు. ఇది సంక్రాంతి పందెం కాదు, ఎవరు ఓడాలో కథే చెప్పేసింది. నాగమ్మ పేరు వినగానే ముసలమ్మలు మెటికలు విరుస్తారు. నాకు మాత్రం ఆమె మీద గౌరవమే. ఆ కాలంలో ఒక ఆడమనిషి మంత్రిగా రాజ్యం నడపడం మాటలా? సినిమా వాళ్లకీ ఆ పాత్ర బలం తెలుసు: 1947లో కన్నాంబ, 1966లో భానుమతి వేశారు.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. నరసరావుపేట, పిడుగురాళ్ల వైపు నుంచి బస్సులున్నాయి. బస కూడా అక్కడే చూసుకోవడం మేలు. పగలు ఎండ చురుక్కుమంటుంది, రాత్రి స్వెట్టర్ కావాల్సిందే. దారంతా పత్తి తీతలు, మిరప చేలు. ఒక పూట మిగిలితే మాచర్ల వెళ్లి చంద్రవంక ఒడ్డున లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడి చూడండి. అదే చంద్రవంక ఎత్తిపోతల దగ్గర 70 అడుగుల పైనుంచి దూకుతుంది. వానలు బాగా పడిన ఏడు శీతాకాలంలో కూడా నీళ్లుంటాయి. కొణతాల్ని ఫోటో తీసేముందు పట్టుకున్నాయన్ని అడగండి. పూనకంలో ఉన్నవాళ్ల ముఖాల మీదకి ఫోన్ పెట్టకండి, చూడ్డానికే ఇబ్బందిగా ఉంది.

ఐదో రోజు కల్లిపాడు. అంటే యుద్ధం. బాలచంద్రుడు పోయిన రోజు, అందరూ పోయిన రోజు. పంబ మోత పెరిగేకొద్దీ కొణతాలు పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే నేలకొరుగుతారు. రెండు నిమిషాల క్రితం నాతో టీ తాగిన పెద్దాయన కూడా పడిపోయాడు. చుట్టూ ఆడవాళ్లు నిజంగానే ఏడుస్తున్నారు. ఎవరు ఏ పక్షమని అక్కడ ఎవరూ అడగలేదు. కాసేపటికి ఆయన లేచి, పంచె దులుపుకుని, కత్తికి అంటిన మట్టిని కండువాతో తుడవడం మొదలుపెట్టాడు.