ఓర్చుకొనుటే మంచితనమా?



టీవీ సీరియళ్లు చూడవచ్చునా, కూడదా అని మన ఇళ్లలో తరచుగా వాదన జరుగుతుంది. ఆ వాదనలోకి నేను పోవడము లేదు. చూసేవారు చూస్తూనే ఉన్నారు, నేనూ చూశాను. చూసినదాని గురించి ఒక్క ప్రశ్న అడగాలని ఉంది. ఆ కథలలోని మనుషులు చేసే పనులకు కారణమేమిటి?

‘కార్తీకదీపం’ సంగతి తీసుకోండి. 2017 అక్టోబరులో స్టార్ మా చానెల్‌లో మొదలై 2023 జనవరి వరకు నడిచింది. ప్రేమి విశ్వనాథ్ వేసిన దీప పాత్రను మా తనకల్లు పల్లెల్లో కూడ ‘వంటలక్క’ అని సొంత మనిషిలా చెప్పుకున్నారు. నల్లగా ఉందని అత్త చీదరించుకున్న దీప, వంటలు చేసి బిడ్డను పెంచుకుంది. రంగును బట్టి ఆడపిల్లకు వెల కట్టే మన ఇళ్లలోకి అట్టి కథ రావడము మంచిదే. ఎండలో కలుపు తీసే మనలో తెల్లగా మిగిలేవారెవరు?

కాని ఆ కథ నడిచిన దారి చూడండి. భర్త కార్తీక్ డాక్టరు. మోనిత చేసిన మోసము వలన తనకు పిల్లలు పుట్టరని నమ్మి, గర్భవతియైన భార్యను అనుమానించాడు. అంత చదువుకున్న మనిషి ఇంకొక చోట పరీక్ష ఎందుకు చేయించుకోలేదు? చేయించుకుంటే కథ ముగిసిపోతుంది. 1500కు పైగా భాగాలు సాగాలంటే అతడు నమ్మకుండా ఉండాలి, ఆమె ఏడుస్తూ ఉండాలి. అనుమానానికి కారణము అతని మనసులో కన్న కథను సాగదీయవలసిన అవసరములోనే ఎక్కువగా ఉంది.

ఇది ఊరక కథే గదా అనవచ్చును. ఒక సాయంత్రము కొందరము విత్తనపు శెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాము. మాలో ఒక అమ్మాయి భర్త బెంగుళూరులో కట్టడపు పనికి పోయి, ఎప్పుడో ఒకసారి ఇంటికి వస్తాడు. వచ్చినప్పుడల్లా ఫోనులో ఎవరితో మాట్లాడావని నిలదీసి, ఫోను లాక్కుంటాడట. ఆమె ఆ మాట చెప్పి ఏడ్చింది. పక్కనున్న పెద్దమ్మ, “ఓర్చుకోమ్మా, వంటలక్క ఓర్చుకోలేదా? కడాకు మొగుడు తెలుసుకున్యాడు గదా” అంది. ప్రేమతోనే అంది. కాని నా గుండె బరువెక్కింది. టీవీలో ఓర్పుకు ఫలము రాసేవారు తెచ్చి పెడతారు. ఈ పిల్లకు ఎవరు తెచ్చి పెడతారు?

ఆ అమ్మాయి అత్త కూడ కఠినముగానే మాట్లాడుతుంది. సీరియల్ అత్తలకు పట్టుచీర, నగలు, పన్నాగము తప్ప వేరే బాధ కనబడదు. ఈమెకు అలా కాదు. వాన తప్పి పంట పోయింది. బోరు వేయించిన అప్పు ఉంది. ఒక్క కొడుకు దూరాన ఉన్నాడు, కోడలి మాట విని పైకము పంపడము మానుతాడేమోనని భయము. కారణము తెలిసినంత మాత్రాన ఆమె మాటలు న్యాయమైపోవు. కాని ఆమెతో దేని గురించి మాట్లాడాలో మనకు తెలుస్తుంది.

1 సమూయేలు మొదటి అధ్యాయములోని హన్నాను జ్ఞాపకము చేసుకోండి. ఆమె ఎందుకు ఏడ్చిందో మనకు స్పష్టముగా తెలుసు: బిడ్డలు లేని బాధ, పెనిన్నా ఎత్తిపొడుపులు. ఆమె పెదవులు మాత్రమే కదులుట చూసి, మత్తులో ఉన్నదని ఏలీ తప్పుగా తలంచాడు. హన్నా మౌనముగా ఓర్చుకొనలేదు, ఉన్న సంగతి చెప్పింది. ఏలీ విన్నాడు, తన తలంపు మార్చుకొని ఆమెను దీవించి పంపాడు. ఒక్క అధ్యాయములోనే తీరిపోయిన అనుమానమది!

ఆ అమ్మాయి భర్త మళ్లీ ఊరికి వచ్చినప్పుడు, ఆమె ఒప్పుకున్న మీదట, మా పెద్దలలో ఒకరు అతనిని కూర్చోబెట్టి, “నీకు ఈ అనుమానము ఎందుకు పుట్టింది?” అని అడిగారు. చాలాసేపటికి, తోటి పనివాళ్లు ఎగతాళిగా అన్న మాటలు తలలో పెట్టుకున్నానని చెప్పాడు. అతడు పూర్తిగా మారిపోయాడని నేను చెప్పను. ఫోను లాక్కోవడము మాత్రము మానాడు.

అందరి ఇండ్లలో మాటతోనే సమస్య తీరదు. 2005లో వచ్చిన గృహహింస చట్టము కొట్టడమునే కాదు, మాటలతో అవమానించి మనసును బాధించడమును కూడ హింసగానే లెక్కిస్తుంది. సహాయము కావలసిన స్త్రీలు 181 నంబరుకు ఫోను చేయవచ్చును. ఈ మాట మన కూడికలలో ఆడపిల్లలందరికి తెలియజేయాలి.

తల్లులారా, పిల్లలతో కలిసి సీరియల్ చూసేటప్పుడు వారిని అడగండి: అతడు ఆమెను ఎందుకు నమ్మలేదు? ఆమె ఎందుకు ఊరుకుంది? మన కొడుకులు జవాబు వెదకడము అక్కడే నేర్చుకుంటే, రేపు వారి ఇంటికి వచ్చే కోడలు ఏళ్ల తరబడి ఏడవవలసిన పని ఉండదు.