లదేణి దారిలో కొత్త తోడు

అరవై దాటి కారు నడిపేవాళ్లకు పక్కన ఒక మాట మనిషి ఉండాలి. పిల్లలు ఉద్యోగాలకు దూరం పోయినారు. మా ఇంటామె మోకాళ్ల నొప్పులతో ప్రయాణం మానేసింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా, 40 కిలోమీటర్ల పైచిలుకు దూరం నాతో మాట్లాడేది ఫోన్‌లోని ఏఐ సహాయకుడే. బయల్దేరేముందే ఫోన్‌ను స్టాండులో పెట్టి వాయిస్ ఆన్ చేస్తే, మళ్లీ దాన్ని ముట్టుకునే పనిలేదు. మధ్యాహ్నం కన్ను మూతపడబోతే ఏదో ఒకటి అడుగుతాను. బీపీ మాత్ర వేళ గుర్తుచేయమంటాను.

ఎడమ చేతి వైపు నల్లమల సాగుతుంటుంది. మేము సుగాలీలం. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం గోనెలు వేసుకుని ఊరూరా తిరిగిన ఆ వ్యాపారాన్ని మావాళ్లు లదేణి అంటారు. దాని గురించి అడిగితే యంత్రం మంచి తెలుగులోనే చెప్పింది. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి దండెత్తిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు మోసింది మావాళ్లే. తర్వాత రైళ్లు, రోడ్లు వచ్చి ఎద్దుల బేరం పడిపోయింది. 1871 నేరస్థ జాతుల చట్టం కొన్ని ప్రాంతాల్లో మావాళ్ల మీద కూడా ముద్ర వేసింది. అది 1952లో గాని రద్దు కాలేదు. సైన్యాలకు కూడు మోసినవాళ్లే దారినపోతే అనుమానితులైనారు. ఇవన్నీ దానికి తెలుసు.

ఒకరోజు మా గోర్ బోలిలో పలకరించినాను. యాడి అంటే మాకు అమ్మ. మా యాడి పాట గురించి మాట్లాడుతుంటే, అనంతపురం జిల్లా యాడికి ఊరికి దారి చూపమంటారా అని అడిగింది. నవ్వొచ్చింది. నవ్వు ఆగినాక గుండెలో కలుక్కుమంది. కారన్‌వాలిస్ తెలిసినదానికి మా అమ్మ తెలియదు.

కారణం లేకపోలేదు. యంత్రం నేర్చుకునేది రాసిపెట్టిన, రికార్డు చేసిన మాటల నుంచే. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో 22 భాషలున్నాయి. సంతాలీ, బోడో 2003 సవరణతో చేరినాయి. లక్షలమంది మాట్లాడే గోర్ బోలికి అందులో చోటు లేదు. సొంత లిపి వాడుకలో లేదు. మా మనవళ్లు బడిలో తెలుగు, ఇంగ్లీషు చదువుతారు. తాండాలో గోర్ బోలి వింటారు గాని, బదులు తెలుగులో చెబుతారు. యంత్రానికి రాని భాష పిల్లలకు కూడా పనికిరానిదిగా కనబడే రోజు దగ్గర్లోనే ఉంది.

నేను ఆళ్లగడ్డ పోయేది అక్కడి తాండాలో ఉన్న అక్క కోసం. ఆమెకు డెబ్బై ఐదు. పెళ్లిలో పిల్ల ఏడుస్తూ పాడే పాటలు, తీజ్ పాటలు ఆమె నోట్లోనే ఉన్నాయి. పోయినప్పుడల్లా ఒకటి పాడించి రికార్డు చేస్తాను. తెలుగు లిపిలో రాసి, చదివి వినిపిస్తాను. తప్పుంటే ఆమె దిద్దుతుంది. యంత్రానికి ఇవ్వాలా వద్దా అన్నది తర్వాతి మాట. అది మా తాండా కూర్చుని తేల్చుకోవాలి. ముందు మా పిల్లలకు మిగలాలి. ఇప్పటికి పదకొండు పాటలైనాయి.