డబ్బా మీద ఏం రాస్తారు?

పల్లెల్లో పాలకేంద్రాల కోసం యాప్ చేసే ప్రాజెక్టు చేతికి రాగానే నేను చేసిన మొదటి పని, హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని ఓ ప్రెజెంటేషన్ తయారుచేయడం. 'పాడి రైతు చేతిలో పారదర్శకత' అని పేరు పెట్టాను. ప్రాస కుదిరిందని మురిసిపోయాను కూడా. మీటింగ్‌లో అందరూ తలలూపారు, ఒక్కరూ ప్రశ్న వేయలేదు. ఒప్పుకున్నారనుకున్నాను. ఇప్పుడైతే ప్రశ్న రాని మీటింగంటేనే నాకు భయం.

ఆ తర్వాత ఎవరికి తోచిన యాప్ వాళ్లు కట్టుకుంటూ పోయారు. సర్వర్ పని చూసే కుర్రాడు డెయిరీ హెడ్డాఫీసుకు రిపోర్టుల మీద రిపోర్టులు రాశాడు. డిజైనర్ రైతు చూసుకోవడానికి రంగురంగుల గ్రాఫులు గీసింది. ఆండ్రాయిడ్ అబ్బాయి సిగ్నల్ లేకున్నా నడవాలని తంటాలు పడ్డాడు. టెస్టర్‌కు ఒకటే ధ్యాస: పాలలో ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాక మిగిలిన ఘనపదార్థాలు) చూసి లీటరుకు కట్టే ధరలో పైసా తేడా రాకూడదు. విడివిడిగా చూస్తే ఎవరి పనికీ వంక పెట్టలేం. రెండు పనులు ఢీకొన్నప్పుడల్లా నా దగ్గరికి వచ్చేవారు, నేను తీర్పు చెప్పేవాణ్ణి. ఆ పెద్దరికం నాకు నచ్చింది, అబద్ధమెందుకు. అంతమంది నన్నే అడగాల్సి వస్తోందంటే లోపం ఎక్కడుందో అప్పుడే తట్టాల్సింది.

చిత్తూరు జిల్లాలో ఓ ఊళ్లో మొదటిసారి వాడి చూశాం. తెల్లారకముందే క్యాన్లతో జనం. కేంద్రం నడిపే ఆవిడ శాంపిల్ తీసి మిషన్లో పెట్టాలి, పాలు తూకం వేయాలి, పెద్ద క్యాన్లో పోయాలి, చీటీ ఇవ్వాలి. వీటి మధ్యలో మా యాప్ ఒక్కో మనిషికీ నాలుగు స్క్రీన్లు దాటమంది. "వ్యాను వచ్చే లోపల లైను అయిపోవల్ల సార్. ఈ బొమ్మల్తో నాకేం పని?" అని ఫోను పక్కన పెట్టి నోటుపుస్తకం తీసింది.

తిరిగొచ్చాక జిమ్ హైస్మిత్ తన పుస్తకంలో చెప్పిన డబ్బా పద్ధతి పట్టుకున్నాం. మన సాఫ్ట్‌వేర్‌ను డబ్బాలో పెట్టి అమ్ముతున్నామనుకుని, ముందువైపు పేరు, బొమ్మ, కొనడానికి మూడు నాలుగు కారణాలు రాయాలి. అందరివీ బల్ల మీద పెడితే, ఏ రెండు డబ్బాలూ ఒకే మనిషికి అమ్మేవి కావు. నాది సహా. మధ్యాహ్నమంతా గొడవపడ్డాం. కోడ్ మొదలుకాకముందే పడాల్సిన గొడవ అది. 2020లో, సాఫ్ట్‌వేర్ బృందాలు పాటించే స్క్రమ్ గైడ్‌లో 'ప్రాడక్ట్ గోల్' (ఉత్పత్తి లక్ష్యం) చేర్చినప్పుడు ఇంకో కాగితం పని తగిలిందని విసుక్కున్నవాణ్ణి నేనే మరి.

జెఫ్రీ మూర్ 1991 నాటి 'క్రాసింగ్ ద కాజమ్'లో ఇచ్చిన ఖాళీలు కూడా నింపబోయాం. ఎవరి కోసం, వాళ్ల అవసరమేంటి, ఇదేం వస్తువు, ఏం మేలు చేస్తుంది, పోటీలో ఉన్నదానికి ఎలా తేడా? మొదటి ఖాళీ దగ్గరే ఆగిపోయాం. డబ్బిచ్చేది డెయిరీ, లెక్క తేలాల్సింది రైతుకు, వేలు పెట్టి నొక్కేది ఆవిడ. చివరికి ఆవిడ పేరే రాశాం. పోటీ అన్నచోట నోటుపుస్తకం అని రాశాక మాత్రం అందరూ కాసేపు కిమ్మనలేదు. దానికి చార్జింగ్ అక్కర్లేదు, తప్పు పడితే కొట్టేసి పక్కన రాసుకోవచ్చు. దాన్ని గెలవాలంటే ఒకే స్క్రీన్ ఉండాలి.

గ్రాఫుల్ని డిజైనరే తీసేసింది. రిపోర్టుల కుర్రాడి నెలల శ్రమ పక్కకు పోయింది. కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నాడు, ఉండడూ మరి?

తర్వాత హెడ్డాఫీసు వాళ్లు పాలు పోసిన ప్రతిసారీ రైతు ఫొటో తీయాలన్నారు. నేను నోరు తెరిచేలోపే టెస్టర్ అడిగాడు: "లైన్లో ఒక్కొక్కరికి ఎన్ని సెకన్లు పెరుగుతాయి సార్?" వాళ్లకు ఆ ప్రశ్న నచ్చలేదు. ఫొటో సంగతి ఇంకా తేలలేదు, వాదన మాత్రం నేను లేని మీటింగుల్లోనూ నడుస్తోంది.