చెత్తకుప్పల మీద మొలిచిన ఊరు!

పేదల బస్తీకి సర్కారు నిధులు రావడం కొత్తేం కాదు. ఆ డబ్బుతో ఏం కట్టాలో, ఎవరి కోసం కట్టాలో బస్తీవాళ్లే తేల్చి చెప్పడమే విశేషం. అమెరికాలోని బోస్టన్‌ నగరంలో, డడ్లీ వీధి చుట్టుపక్కల అదే జరిగింది.

బోస్టన్‌ అనగానే పెద్దపెద్ద విశ్వవిద్యాలయాలూ ఎర్ర ఇటుకల పాత భవనాలే గుర్తొస్తాయి. పర్యాటకులు తిరిగేదీ అక్కడే. నగరం నడిబొడ్డు నుంచి రెండు మైళ్లు కూడా ఉండదు రాక్స్‌బరీ. అయినా అటు వెళ్లే యాత్రికులు తక్కువే. వెళ్తే మాత్రం డడ్లీ వీధి ఆశ్చర్యపరుస్తుంది. రంగురంగుల చెక్క ఇళ్లు, వాటి ముందు చిన్న చిన్న పెరళ్లు, గోడనిండా పరుచుకున్న పెద్ద కుడ్యచిత్రం, వేసవిలో కూరగాయల సంత జరిగే పచ్చటి మైదానం... ఒక ఇంట్లో స్పానిష్‌ వినిపిస్తే పక్కింట్లో కేప్‌వర్ద్‌ దీవుల భాష. ఆ దీవులవారు మొక్కజొన్న, చిక్కుడు గింజలు కలిపి గంటలతరబడి ఉడికించే ‘కచూపా’ ఘుమఘుమలూ అక్కడ మామూలే.

ఇదంతా ఒకప్పుడు బూడిద, చెత్త!

నిప్పు పెట్టింది ఎవరు?

1950ల తర్వాత తెల్లజాతివారు శివార్లకు తరలిపోయారు. నల్లజాతివారూ వలసవచ్చినవారూ మిగిలిన ఈ బస్తీలో ఇళ్లకు బ్యాంకులు అప్పులివ్వడం మానేశాయి. అద్దెలు గిట్టుబాటుకాని కొందరు యజమానులు బీమా సొమ్ము కోసం సొంత ఇళ్లనే తగలబెట్టించారు. 1980ల మొదటికి ఒక్క డడ్లీ ప్రాంతంలోనే దాదాపు 1,300 స్థలాలు ఖాళీగా పడి ఉన్నాయి. వేరే పేటలవాళ్లు రాత్రిపూట లారీల్లో తెచ్చిన చెత్తంతా వాటిలో గుమ్మరించి పోయేవారు. పాత కార్లు, పాడైన ఫ్రిజ్‌లు, కుళ్లిన మాంసం... ఆ కంపులోనే పిల్లలు ఆడుకునేవారు.

బాగుచేస్తామంటూ సర్కారు వస్తుందన్నా జనానికి భయమే. కారణముంది. 1950ల చివర్లో అదే బోస్టన్‌లో ‘వెస్ట్‌ ఎండ్‌’ అనే పేటను నగరాభివృద్ధి పేరుతో నేలమట్టం చేశారు. వేలమంది నిర్వాసితులయ్యారు. వాళ్లున్న చోట ఖరీదైన అపార్టుమెంట్లు లేచాయి. నిధులొచ్చాయి, ఊరే పోయింది!

ఇలాంటి చేదు అనుభవాలు దేశమంతటా ఉండటంతో 1974లో పద్ధతి మారింది. అధ్యక్షుడు జెరాల్డ్‌ ఫోర్డ్‌ సంతకంతో ‘కమ్యూనిటీ డెవలప్‌మెంట్‌ బ్లాక్‌ గ్రాంట్‌’ పథకం వచ్చింది. పనికో పథకం, పథకానికో దరఖాస్తు అన్న పాత తరహాకు బదులు జనాభా, పేదరికం, ఇళ్ల పరిస్థితి లెక్కచూసి కేంద్రం నగరాలకు ఏకమొత్తంగా నిధులిస్తుంది. వీధిదీపాలా, ఇళ్ల మరమ్మతులా, పిల్లల కేంద్రమా అన్నది నగరమే తేల్చుకోవాలి. అయితే, ఖర్చులో కనీసం 70 శాతం అల్పాదాయ, మధ్యస్థ ఆదాయ కుటుంబాలకు మేలుచేసేదై ఉండాలి. ఖర్చుపెట్టే ముందు ప్రజల అభిప్రాయమూ వినాలి. కాగితం మీద చక్కటి నియమమే. కానీ వినిపించే గొంతు బస్తీకి ఉండాలిగా!

చేతులు లేవలేదు!

ఆ గొంతు 1985లో లేచింది. అంతకుముందు ఏడాదే ఒక దాతృత్వ సంస్థ చొరవతో ఈ ప్రాంతాన్ని బాగుచేసే ప్రయత్నం మొదలైంది. పెద్దలంతా కలిసి ఓ ప్రణాళిక వేసుకుని, జనాన్ని చర్చికి పిలిచి వివరించారు. వేదికమీద ఉన్నవారిలో ఈ వీధుల్లో కాపురముండేవాళ్లు ఎందరని సభలోంచి ప్రశ్న వచ్చింది. వేదిక ఇరుకున పడింది. పాలకమండలిలో స్థానికులకు కేటాయించిన స్థానాలు వేళ్లమీద లెక్కపెట్టేన్నే మరి. పెద్దలు పట్టుదలకు పోలేదు, మండలి స్వరూపమే మార్చేశారు. సగానికి పైగా స్థానాలు స్థానికులకు వచ్చాయి. నల్లజాతివారు, కేప్‌వర్ద్‌వారు, లాటిన్‌ అమెరికన్లు, తెల్లవారు... ఎవరి సంఖ్య ఎంతైనా నాలుగు వర్గాలకూ సమాన స్థానాలు. అలా పుట్టింది ‘డడ్లీ స్ట్రీట్‌ నైబర్‌హుడ్‌ ఇనిషియేటివ్‌’.

సంఘం మొదట పట్టుకున్నది పెద్ద పనేం కాదు, చెత్త. ‘మా మీద పారబోయకండి’ అంటూ 1986లో ఉద్యమం చేస్తే, అప్పటి మేయర్‌ రే ఫ్లిన్‌ అక్రమ చెత్త కేంద్రాలను మూయించక తప్పలేదు. ఆ గెలుపే ధైర్యాన్నిచ్చింది. 1987కల్లా బస్తీవాళ్లు సొంత ప్రణాళిక రాసుకున్నారు.

అసలు చిక్కు నేలతో వచ్చింది. ఖాళీ స్థలాలు కొన్ని నగరపాలక సంస్థవి, కొన్ని ఎక్కడెక్కడో ఉన్న యజమానులవి. మధ్యలో ఒక్క ముక్క దొరక్కపోయినా వరుసగా ఇళ్లు కట్టలేరు. అందుకే ఎవరూ ఊహించనిది అడిగారు... ప్రైవేటు ఖాళీ స్థలాలను పరిహారమిచ్చి సేకరించే అధికారం. సర్కారు చేతుల్లో మాత్రమే ఉండే అస్త్రమది. పేటల్ని నేలమట్టం చేసిందీ అదే. 1988లో నగరం ఒప్పుకుంది! అమెరికాలో ఓ బస్తీ సంఘానికి ఆ అధికారం దక్కడం అదే ప్రథమం. స్థలాలు కొనడానికి 1992లో ఫోర్డ్‌ ఫౌండేషన్‌ 20 లక్షల డాలర్లు తక్కువ వడ్డీకి అప్పిచ్చింది. ప్రభుత్వ సాయమూ తోడై ఇళ్లు లేవడం మొదలైంది.

ఇల్లు మీది, నేల అందరిది

ఇళ్లు కడితే సరిపోదు. ధరలు పెరిగితే డబ్బున్నవాళ్లు వచ్చి కొనుక్కుంటారు, పేదలు మళ్లీ రోడ్డునపడతారు. దీనికీ ఉపాయం ఉంది. నేల మొత్తం సంఘం నెలకొల్పిన భూ ట్రస్టు పేరిట ఉంటుంది. కుటుంబం ఇంటిని మాత్రమే కొనుక్కుంటుంది, నేలను 99 ఏళ్ల లీజుకు తీసుకుంటుంది. పిల్లలకు రాసివ్వొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కాకపోతే ముందే రాసుకున్న లెక్క ప్రకారమే ధర. అమ్మేవారికి మరీ ఎక్కువ లాభం రాదు, కొనేవారికి మోయలేని భారం ఉండదు. పోటీపడి లాభం చేసుకునే వీల్లేకపోవడం కొందరికి లోటే. కానీ 2008 నాటి సంక్షోభంలో చుట్టుపక్కల ఇళ్లు వరుసగా జప్తు అవుతుంటే, ట్రస్టు నేలమీద అలా పోయిన ఇళ్లు చాలా అరుదు.

ఇప్పుడు ట్రస్టు నేలమీద రెండు వందలకు పైగా ఇళ్లున్నాయి. నాటి ఖాళీ స్థలాల్లో సగానికి పైగా ఇళ్లుగా, పార్కులుగా, తోటలుగా మారాయి. ఒకప్పుడు గ్యారేజీ ఉన్నచోట 10,000 చదరపుటడుగుల గ్రీన్‌హౌస్‌ ఉంది. మంచు కురిసే నెలల్లోనూ లోపల ఆకుకూరలు పచ్చగా ఉంటాయి. పిల్లల చదువుల కోసం పోటీపడి 2010లో కేంద్ర ప్రభుత్వం నుంచి 5 లక్షల డాలర్ల గ్రాంటునూ సంఘం సాధించింది. 17 ఏళ్లకే పాలకమండలిలో చేరిన జాన్‌ బారోస్‌ ఆ తర్వాత సంఘానికి సారథి అయ్యాడు. 2014లో నగర ఆర్థికాభివృద్ధి బాధ్యతలూ చేపట్టాడు.

ఒడుదొడుకులు లేకపోలేదు. బోస్టన్‌లో ఇళ్ల ధరలు ఆకాశాన్నంటుతున్నాయి. ట్రస్టు నేల దాటితే అద్దెలు కట్టలేక వెళ్లిపోయే కుటుంబాలున్నాయి. 1974 నాటి కేంద్ర గ్రాంటును రద్దు చేయాలన్న ప్రతిపాదనలూ పలుమార్లు వచ్చాయి.

ఈ ప్రాంతానికి ఆనుకుని ఉన్న డడ్లీ కూడలి పేరు 2019లో ‘న్యూబియన్‌ స్క్వేర్‌’గా మారింది. బానిసత్వానికి చట్టబద్ధత దక్కిన కాలంనాటి పాలకుడి పేరు వద్దని జనం కోరారు. వీధి మాత్రం ఇంకా డడ్లీ వీధే. ఆ పేరు వినగానే ఒకప్పుడు కాలిన ఇళ్లు గుర్తొచ్చేవి. ఇప్పుడు, ఎక్కడెక్కడి బస్తీలవాళ్లో అక్కడికి వెళ్లి ‘మీకిది ఎలా సాధ్యమైంది?’ అని అడుగుతున్నారు!